“రేపు రామ్మా”: రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూసే స్త్రీలు

(నందిగామలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు అనగానే మన సమావేశాల్లో రెండు విషయాలే చర్చకు వస్తాయి. పుట్టింటి ఆస్తిలో వాటా ఒకటి, భర్త చనిపోతే అత్తింటి ఆస్తిలో వాటా రెండోది. రెండూ వారసత్వంగా వచ్చేవే. స్త్రీ తన డబ్బు పెట్టి కొనుక్కునే ఆస్తి గురించి మనం దాదాపుగా మాట్లాడుకోం. కొనేంత డబ్బు ఆడవాళ్ల దగ్గర ఎక్కడిది అన్న భావం మనలో కూడా ఏ మూలో ఉన్నట్టుంది. కానీ ఈ మెట్ట ప్రాంతంలో, అంటే 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండి ఆనాటి నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న మన నందిగామ, జగ్గయ్యపేటల్లో, రెండు సెంట్లో మూడు సెంట్లో ఇంటిస్థలం కొనుక్కుంటున్న స్త్రీలు తక్కువేం లేరు. మిర్చి కల్లాల్లో తొడిమలు తీసేవాళ్లు, పత్తి మిల్లుల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టైలర్లు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు. వీళ్లు హైవే పక్కన కొత్తగా వేసిన వెంచర్లో మొదటి చేతి మీద కొనలేరు. ఎప్పుడో ఒకరు కొని వదిలేసిన ప్లాటును వాళ్ల దగ్గర మళ్లీ కొంటారు. రీసేలు ప్లాటు అంటున్నారు దాన్ని.

బయానా ఇచ్చిన రోజుకీ రిజిస్ట్రేషన్ అయిన రోజుకీ మధ్య కొంత కాలం ఉంటుంది. కాగితం మీద అది మూడు నెలలు. నిజంలో ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఎప్పటికీ. ఈ రోజు ఆ మధ్యకాలం గురించే మాట్లాడతాను.

జగ్గయ్యపేటలో ఒకామెతో నేను చాలాసార్లు మాట్లాడాను. హాస్టల్లో వంట పని. 120 గజాల ప్లాటు, గజం 7 వేల చొప్పున 8 లక్షల 40 వేలకు బేరం కుదిరింది. బయానా 3 లక్షలు ఇచ్చింది. చీటీ పాడి లక్షన్నర, గ్రూపు అప్పు లక్ష, తమ్ముడి దగ్గర 50 వేలు. మూడు నెలల్లో మిగతాది ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని అగ్రిమెంటు. ఆ మూడు నెలలు నిండేసరికి ఆషాఢం వచ్చింది, శ్రావణంలో చూద్దామన్నాడు అమ్మకందారు. శ్రావణంలో మూఢం అన్నాడు. తర్వాత దసరా, దసరాకి హైదరాబాదు నుంచి బావమరిది రావాలి. సంక్రాంతికి ఈమే వెళ్లి, “అన్నయ్యగారూ, వడ్డీలు కట్టలేకపోతున్నాం” అంటే, “ఏమ్మా, మేమేమన్నా ఊరొదిలి పారిపోతామా? ఆడమనిషివి ఇన్నిసార్లు తిరగడమెందుకు, మీ ఆయన్ని పంపు” అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. ప్లాటు అతని తండ్రి పేరున ఉంది. తండ్రి చనిపోయాడు. చెల్లెళ్లిద్దరి సంతకాలు కావాలి.

ఆ చెల్లెళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ఈ ఆలస్యానికి ఖరీదెంతో చూడండి. ఆమె ఎదురుచూసింది 16 నెలలు. ఆ 3 లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకుంటే నెలకు 6 వేలు, 16 నెలలకు 96 వేలు. 120 గజాల్లో దాదాపు 14 గజాలు, అంటే ఒక చిన్న వంటగది, ఇల్లు కట్టకముందే పోయినట్టు. ఈ లెక్కలో అద్దె కలపలేదు. తిరిగిన రోజుల్లో పోయిన కూలీ కలపలేదు.

అమ్మేవాళ్లందరూ మోసగాళ్లని నేననను. కొందరికి నిజంగానే ఇబ్బందులుంటాయి. లింకు డాక్యుమెంట్లు బ్యాంకులో కుదువ ఉంటాయి, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఎక్కి ఉంటుంది, అమెరికాలో ఉన్న వారసుడి దగ్గర్నుంచి పవరాఫ్ అటార్నీ రావాలి. ఇవన్నీ ఉన్నాయి. కానీ ఆలస్యం వల్ల లాభపడేది ఎవరన్నది వేరే ప్రశ్న. 2014లో రాష్ట్రం విడిపోయి, కృష్ణకు అవతలి ఒడ్డున అమరావతి వస్తుందని తేలి, 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగాక ఇవతల నందిగామ, కంచికచర్లల్లో కూడా ధరలకు రెక్కలొచ్చాయి. అప్పుడు అగ్రిమెంటు రాసినవాడికి రిజిస్ట్రేషన్ చేయడానికి చెయ్యి రాలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వినబడ్డాక వరస తిరగబడింది. నిన్నటిదాకా దొరకని అమ్మకందారు తనే ఫోన్ చేసి, మిగతా డబ్బు ఎప్పుడిస్తారని అడగడం మొదలుపెట్టాడు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదటి కథ. ధర పెరిగేటప్పుడు మూఢాలు ఎక్కువవుతాయి, తగ్గేటప్పుడు ముహూర్తాలు దొరుకుతాయి. దీనికి పంచాంగంతో సంబంధం తక్కువ.

ఇప్పుడు మనకు ముఖ్యమైన సంగతికి వస్తాను. ఎదురుచూడటం మగవాళ్లకూ ఉంది. కానీ మగవాడు అమ్మకందారుని టీ కొట్టు దగ్గర పట్టుకుంటాడు, మధ్యవర్తి బండెక్కి అతనింటికి పోతాడు, నలుగురి ముందు నిలదీస్తాడు. స్త్రీ మూడోసారి ఆ గడప తొక్కితే నోరుగలదని పేరు. అందుకే భర్తను పంపుతుంది. అగ్రిమెంటు కూడా తరచుగా భర్త పేరు మీదే రాయిస్తారు, “ఇప్పటికి ఆయన పేరున రాద్దాం, రిజిస్ట్రేషన్ నాటికి నీ పేరు పెట్టుకోవచ్చులే” అంటారు. డబ్బు ఈమెది, కాగితం ఆయనది, ఎదురుచూపు ఈమెది. చిన్నప్పటి నుంచి ఆడపిల్లకు మనం నేర్పే మొదటి సుగుణం ఓర్పు. పెళ్లిచూపుల కోసం, భర్త మారడం కోసం, అత్తగారి మనసు కరగడం కోసం ఓర్చుకోమని నేర్పిన సమాజం, స్థలం విషయంలో మాత్రం వేరే పాఠం నేర్పలేదు. కనుక ఆమె ఓర్చుకుంటుంది.

చట్టం ఆ ఓర్పును ఎలా చదువుతుందో తెలిస్తే మనకు కోపం వస్తుంది. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అమ్మినవాడు రిజిస్ట్రేషన్ చేయకపోతే, చేయించమని కోర్టులో దావా వేయాలి. ఆ దావాకు గడువు మూడేళ్లు. అగ్రిమెంటులో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, రాయకపోతే అతను చెయ్యనని చెప్పిన సంగతి మనకు తెలిసిన రోజు నుంచి. “వచ్చే నెల, వచ్చే నెల” అని నోటితో పొడిగించుకుంటూ పోయిన గడువును తర్వాత రుజువు చేయడం చాలా కష్టం. మూడేళ్లు ఉన్నాయి కదా అని కూర్చున్నా కుదరదు. మదురైలో ఒక ఇంటి గురించి 1978 డిసెంబరులో ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్న కొనుగోలుదారు, రెండున్నరేళ్ల దాకా ఏ కదలికా లేకుండా ఉండి తర్వాత నోటీసు ఇచ్చాడు. ఆ కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాశారు. పట్నాల్లో ధరలు పెరిగిపోతున్న కాలంలో అలా మాట్లాడకుండా కూర్చున్నవాళ్లకు రిజిస్ట్రేషన్ చేయించలేమని దాని సారాంశం. అంటే ఇంట్లో సుగుణమైన ఓర్పు, కోర్టు మెట్లెక్కేసరికి అశ్రద్ధ అవుతుంది.

ఇంకో చిక్కుంది. 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో తన వంతు నెరవేర్చడానికి తాను మొదటి నుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నానని కొనుగోలుదారే రుజువు చేసుకోవాలి. 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ కొనేవాళ్లకు కొంత మేలు చేసింది. అంతకుముందు, అన్నీ సరిగ్గా ఉన్నా ఇవ్వాలా వద్దా అన్నది జడ్జిగారి విచక్షణ. ఇప్పుడా విచక్షణ తగ్గింది. కానీ సిద్ధంగా ఉన్నానని నిరూపించుకునే భారం మాత్రం తగ్గలేదు. చేతిలో నోట్ల కట్టలు చూపించనక్కర్లేదు, డబ్బు సమకూర్చుకోగలనని చూపితే చాలు. కానీ మన స్త్రీల డబ్బు ఎక్కడుంటుంది? చీటీలో ఉంటుంది, మెళ్లో ఉంటుంది, తమ్ముడి దగ్గర ఉంటుంది, గ్రూపులో వచ్చే నెల రాబోయే అప్పులో ఉంటుంది. ఇవేవీ పాసుబుక్కులో కనబడవు. పొలం ఉన్న మగవాడు తన పంట లెక్క చూపిస్తాడు. ఈమె చూపించడానికి ఏముంది? అందుకే కార్యకర్తలుగా మనం ఒక చిన్న పని చేయవచ్చు. ఫలానా సభ్యురాలికి స్థలం బాకీ చెల్లించడానికి ఇంత అప్పు ఇస్తామని గ్రూపు తీర్మానం పుస్తకంలో తేదీతో సహా రాయించడం. అది సాక్ష్యం అవుతుంది. కుదిరినంత డబ్బు రెండు మూడు నెలలైనా ఆమె పేరు మీదున్న ఖాతాలో ఉంచడం కూడా అంతే.

ఎంతకాలం పట్టవచ్చో చెప్పడానికి ఒక ఉదాహరణ. తమిళనాడులో ఇద్దరు స్త్రీల మధ్య, ఒకరు కొనేవారు, ఒకరు అమ్మేవారు, 1981 జనవరిలో రాసుకున్న అగ్రిమెంటు మీద సుప్రీంకోర్టు తుది తీర్పు 2011 జూలైలో వచ్చింది. ముప్పై ఏళ్లు. వాయిదాల డబ్బు చెప్పిన తేదీలకు కట్టలేదన్న కారణంతో కొన్న స్త్రీ ఓడిపోయింది. తీర్పులో న్యాయం ఎవరి వైపుందన్న చర్చలోకి నేను పోను. 1981లో ఆ కాగితం మీద సంతకాలు పెట్టిన రోజున వాళ్లిద్దరి వయసెంతో అని మాత్రం అనిపించింది.

వెంచర్ వేసిన కంపెనీ మీద అయితే 2016 రెరా చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. రీసేలులో అమ్మే మామూలు మనిషి ప్రమోటరు కాదు కనుక అతని ఆలస్యానికి ఆ దారి లేదు. ఈ సంగతి తెలియక విజయవాడ దాకా తిరిగి అలిసిపోయి వచ్చినవాళ్లున్నారు.

ఇక చెల్లెళ్ల సంగతి. మన ఉద్యమానికి అసలు ముల్లు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ హాస్టల్ వంటామె నాతో, “అంతా ఆ ఆడపిల్లల వల్లేనండీ, సంతకం పెట్టడానికి వాళ్లకేం పోయింది” అంది. అమ్మకందారు ఆమెకు అలాగే చెప్పాడు మరి. కోదాడలో ఉన్న చిన్న చెల్లెల్ని నేను కలిశాను. ఆమె చెప్పింది ఇదీ: “నాన్న పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో మా అన్నయ్య తనంతట తను ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నది ఇప్పుడేనండీ. వచ్చి సంతకం పెట్టి చీర తీసుకెళ్లమన్నాడు. ఎంతకి అమ్మావన్నయ్యా అని అడిగాను. నీకెందుకన్నాడు. సరేలే, నాకెందుకని నేనూ ఊరుకున్నా.” ఆమె ఊరుకోవడం వల్లే రిజిస్ట్రేషన్ ఆగింది.

లెక్క చూడండి. తండ్రి సొంత డబ్బుతో కొన్న ప్లాటు, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు నలుగురికీ సమాన వాటాలు. దీనికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన మన రాష్ట్ర సవరణ కూడా అక్కర్లేదు. ఆ రోజుకి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కునిచ్చింది అది. 2005 కేంద్ర సవరణా, కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు ఉందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ కూడా అక్కర్లేదు. అవి పూర్వీకుల ఆస్తి సంగతి. తండ్రి స్వార్జితం విషయంలో 1956 నుంచే కూతురికి హక్కుంది. 8 లక్షల 40 వేలను నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి 2 లక్షల 10 వేలు. కొడుకు బయానాగా అప్పటికే తీసుకుంది 3 లక్షలు. అంటే తన వాటా కంటే 90 వేలు ఎక్కువే అతని జేబులోకి వెళ్లింది. పైగా అగ్రిమెంటు మీద అతనొక్కడి సంతకమే ఉంది. తల్లినీ చెల్లెళ్లనూ ఆ కాగితం కట్టిపడేయదు.

ఇలాంటప్పుడు మనం ఏ వైపు? ఇటు పక్క వడ్డీలు కడుతూ కూర్చున్న పేద స్త్రీ. ఆమె మన గ్రూపు సభ్యురాలు, ఆమె పని త్వరగా కావాలి. అటు పక్క వాటా అడగకుండానే హక్కు వదులుకోమంటున్న మరో స్త్రీ. మనవాళ్లు కొందరు మంచి ఉద్దేశంతోనే ఆ చెల్లెలి దగ్గరికి పోయి, “పాపం అవతల కూడా ఆడమనిషేనమ్మా, ఒక్క సంతకం పెట్టెయ్” అని నచ్చజెప్తారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆమె సంతకం కోసం ఆమె పుట్టిల్లు ఎదురుచూసేది జీవితంలో బహుశా ఆ కొద్ది రోజులే. ఆ నాలుగు రోజుల బలాన్ని కూడా మనమే పోయి ఖాళీ చేయించడం తగదు. కొన్న స్త్రీ నష్టపోయిన మాట నిజం, కానీ ఆ నష్టానికి బాధ్యుడు వారసుల సంగతి దాచి బయానా తీసుకున్న అన్నయ్య. అతని మీద పోవాల్సిన ఒత్తిడి చెల్లెలి మీదికి ఎలా మళ్లిందో గమనించండి. ఆలస్యానికి ఒక ఆడదాని పేరు పెట్టగానే అందరూ నమ్మేశారు, నమ్మినవాళ్లలో కొన్న స్త్రీ కూడా ఉంది.

చివరికి ఏమైందంటే, జగ్గయ్యపేటలో ఒక దస్తావేజు లేఖరి ఇచ్చిన సలహాతో, మిగిలిన 5 లక్షల 40 వేలను అన్న చేతికి ఇవ్వకుండా వారసులకు విడివిడిగా ఇస్తానని వంటామె పట్టుబట్టింది. చిన్న చెల్లెలు తన 2 లక్షల 10 వేలకు తన పేరు మీదే చెక్కు తీసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకొచ్చి వేలిముద్ర వేసింది. పెద్ద చెల్లెలు మాత్రం పైసా తీసుకోలేదు. “రేపు మా అమ్మాయి పెళ్లికి మేనమామ రాకపోతే ఎలా?” అంది. ఆమె వాటా అన్నకే పోయింది. తల్లికి 1 లక్షా 20 వేలు ముట్టింది. కొడుకు దగ్గరున్న తన 90 వేలు ఆమె అడగలేదు, అతను ఇవ్వలేదు. 16వ నెలలో రిజిస్ట్రేషన్ అయింది, కొన్న స్త్రీ పేరు మీదే. దీన్ని విజయం అనాలో కాదో మీరే చెప్పండి. నా మటుకు నేను, చిన్న చెల్లెలి చెక్కు ఒక్కదాన్ని లెక్కలో వేసుకుంటున్నాను.

ఇక్కడున్న సంస్థల వాళ్లు నమూనా కాగితాలు అడిగారు. అవి మధ్యాహ్నం పంచుతారు కానీ, కొన్ని సంగతులు ఇప్పుడే చెబుతాను. బేరం కుదరక ముందే ఈసీ తీయించి ప్లాటు ఎవరి పేరున ఉందో చూడాలి. చనిపోయినవారి పేరున ఉంటే వారసులందరూ, పెళ్లయి వెళ్లిన కూతుళ్లతో సహా, అగ్రిమెంటు రోజునే సంతకం పెట్టాలి. కొనేది స్త్రీ అయితే అగ్రిమెంటు ఆమె పేరునే రాయించాలి, తర్వాత మార్చుకుందామన్న మాట వినొద్దు. మన రాష్ట్రంలో 1999 ఏప్రిల్ 1 నుంచి అమ్మకపు అగ్రిమెంటును కూడా తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని చట్టం ఉంది. ఆ పని చేసేవాళ్లు అరుదు. రిజిస్టర్ కాని అగ్రిమెంటుతో కూడా దావా వేయవచ్చు, కానీ రిజిస్టర్ అయితే అది ఈసీలో కనబడుతుంది, ఆ స్థలాన్ని ఇంకొకరికి అంటగట్టడం కష్టమవుతుంది. “స్వాధీనం చేశాము” అన్న ముక్క తెలియక రాయించుకుంటే అమ్మకానికి పడేంత స్టాంపు డ్యూటీ ఆ అగ్రిమెంటుకే పడుతుంది. కట్టకుండా కోర్టులో పెడితే తక్కువైన డ్యూటీతో పాటు దానికి పదింతల దాకా జరిమానా. నందిగామలో ఒక దావా ఇక్కడే ఇరుక్కుపోయిందని ఒక న్యాయవాది మిత్రురాలు చెప్పారు.

గడువు పొడిగించిన ప్రతిసారీ అగ్రిమెంటు వెనకాల తేదీ వేసి అమ్మకందారు చేత సంతకం పెట్టించుకోవాలి. మధ్యలో ఇచ్చిన ప్రతి పైసాకీ అక్కడే చెల్లు వేయించుకోవాలి. గడువు దాటిన నెలలోపే, మిగతా డబ్బు సిద్ధంగా ఉంది, ఫలానా రోజున సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మని, ముట్టినట్టు రసీదు వచ్చేలా పోస్టులో నోటీసు పంపాలి. నోటీసు అంటే తగువుకు దిగడమని మన స్త్రీలు భయపడతారు. “మంచిగా ఉన్నవాళ్లతో కాగితాలెందుకండీ” అంటారు. మంచిగా ఉన్నవాడైతే కాగితానికి బాధపడడని చెప్పి చూడండి, కొందరైనా వింటారు. దావా వేయాల్సి వస్తే, రిజిస్ట్రేషన్ కుదరని పక్షంలో బయానా వడ్డీతో తిరిగి ఇప్పించమని కూడా అందులోనే అడగాలి. అడగకపోతే కోర్టు తనంతట తాను ఇప్పించదు. కొన్నామె తప్పు లేనంతవరకూ, ఇచ్చిన బయానాకు ఆ స్థలంలో అమ్మకందారుకున్న హక్కు మీదే పూచీ ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది.

ఇందాక ఒక సోదరి కోర్టు ఫీజు సంగతి అడిగారు. ఈ దావాకు ఫీజు మొత్తం ఖరీదు మీద పడుతుంది, అది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. 1987 న్యాయసేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీ ఎవరైనా, ఆమె ఆదాయం ఎంతైనా, ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. కోర్టు ఫీజు కూడా ఆ సహాయంలో భాగమే. మండల న్యాయసేవల కమిటీకి ఒక దరఖాస్తు ఇస్తే చాలు. అయితే అగ్రిమెంటు భర్త పేరు మీద ఉంటే దావా వేయాల్సింది భర్త, అప్పుడు స్త్రీగా ఈ అర్హత వర్తించదు. ఆమె పేరున రాయించమని ఇందాక అన్నదానికి ఇదొక కారణం.

భోజనాల తర్వాత న్యాయవాది మిత్రురాలు వచ్చి నమూనా నోటీసు చదివి వినిపిస్తారు. మీలో అగ్రిమెంటు కాగితాలు తెచ్చుకున్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారని విన్నాను. ఆమె వచ్చేలోగా వాటిని తీసి, గడువు తేదీ ఎక్కడ రాసుందో, కొన్నవారి పేరు దగ్గర ఎవరి పేరుందో చూసిపెట్టుకోండి.